మెట్ల మలుపులో పట్టుదారం

మూడు తలుపుల అల్మారాతో కలిసి మెట్ల మలుపులో ఇరుక్కుపోయి, పట్టపగలు ఒక భవనం మొత్తానికి రాకపోకలు బంద్ చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే బాధపడకండి. ఆ మహానుభావుడు రాసిందే ఇప్పుడు చదువుతున్నారు.

మాది బహ్రెయిన్‌లో, జింజ్‌లో ఓ ఫర్నిచర్ షాపు. మాది అంటే యజమానిది. నేను సామాను మోసేవాణ్ణి. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు, తొంభై కిలోలు, మెడ కంటే లావైన గర్వం. నాకు జోడీ జగిత్యాల రాజన్న. నాకంటే పదేళ్లు పెద్ద, పది రెట్లు తెలివైనవాడు.

షాపు వెనక గదిలో మెయ్ మేడం అని చైనా ఆవిడ కర్టెన్లు కుట్టేవారు. అరవై దాటిన మనిషి, నా భుజం దాకా వస్తారు. ఒకరోజు నేనూ రాజన్నా ఒక పెద్ద సోఫాను ఆమె గది గుమ్మానికి అడ్డంగా దింపి, మళ్లీ కదపలేక చెమటలు కక్కుతున్నాం. ఆవిడ లేచి వచ్చారు. కళ్లజోడు కూడా తీయలేదు. సోఫా మూలకు అరచేయి ఆనించి, తుంటి దగ్గర కాస్త కుంగి, నడుం తిప్పారు. చెయ్యి కదిలినట్టే లేదు. సోఫా మాత్రం నూనె వేసిన తలుపులా తిరిగి గోడ పక్కకు పోయింది. ఆవిడ పోయి మళ్లీ మిషను తొక్కుకోవడం మొదలుపెట్టారు.

"గీమెకు ఏదో పూనిందిరా మల్లేశ్" అన్నాడు రాజన్న.

నేను అప్పటికే ఆవిడ గుమ్మంలో చేతులు కట్టుకొని నిలబడ్డాను. "మేడం, నాక్కూడ నేర్పుండ్రి."

ఆవిడది గల్ఫ్ హిందీ. నేను తెలుగులో చెప్తాను. "శుక్రవారం పొద్దున్నే బుదైయా తోటకు రా. తిని రాకు."

అక్కడ తెలిసింది సంగతి. చైనా వాళ్ల విద్యల్లో కండబలంతో పని లేనిది ఒకటుందట. మడమ నేలను నొక్కాలి. ఆ నొక్కుడు మోకాలికి, తుంటికి, నడుముకు, వెన్నుకు, భుజానికి, మోచేతికి మెలి తిరుగుతూ ఎక్కి చివరికి అరచేతికి రావాలి. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొస పట్టి పిండితే మెలి పాకుతూ పోతుంది చూడండి, అలాగన్నమాట. పట్టుపురుగు గూటి నుంచి దారం తీసినట్టు చెయ్యాలని వాళ్ల పెద్దలు చెప్తారట. గుంజితే తెగుతుంది, ఆగితే చిక్కుపడుతుంది. మా అమ్మ సిరిసిల్లలో ఏళ్లకేళ్లు కండెలు చుట్టిన మనిషి. ఈ మాట నాకు పుట్టుకతోనే అర్థం కావాలి. కాలేదు.

రెండు శుక్రవారాలు గాలిలో చెయ్యి గుండ్రంగా తిప్పడమే పని. మూడోసారి ఓపిక చచ్చి అడిగాను. "బలం ఎప్పుడొస్తది మేడం?"

"నన్ను తొయ్యి" అన్నారు.

పెద్దావిడ కదా అని మర్యాదగా తోశాను. కదల్లేదు. మర్యాద తగ్గించి తోశాను. నా బలమంతా ఆవిడ అరచేతిలోకి పోయి, నడుం చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఒక కాలి గుండా నేలలోకి దిగి, రెండో కాలి గుండా పైకొచ్చి నాకే తగిలింది. చూస్తే నేను గడ్డిలో కూర్చుని ఉన్నాను. ఎప్పుడు కూర్చున్నానో నాకు తెలీదు. ఆవిడ కొంగలా ప్రశాంతంగా నిలబడి ఉన్నారు. అంత అందంగా నన్నెవరూ పడేయలేదు. లేచి దండం పెట్టాను.

"ఏడాది దాకా ఎవరికీ చూపించకు" అన్నారు ఆవిడ.

నేను రెండు రోజులు ఆగాను.

ఆదివారం ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక అల్మారా దింపాలి. లిఫ్టు లేని భవనం. చిరునామా చీటీ నా చేతిలోనే ఉంది.

"మూడో అంతస్తన్నా" అన్నాను.

"అయితే తలుపులూడదీసి ముక్కలు ముక్కలు తీస్కపోదాం తమ్మీ."

"ముక్కలెందుకే? నా నడుముంది."

"నీ నడుమా? మొన్న నొస్తుందని తైలం రాపిచ్చుకున్నవ్, గదేనా?"

కాలు లేదు, నడుం లేదు, చేతి పేరు చక్రమని నాలాంటి వాణ్ణి చూసే అని ఉంటారు. రెండంతస్తులు ఎలాగో ఎక్కాం. మూడోదానికి తిరిగే మలుపులో అల్మారా మొండికేసింది. పైన నేను, కింద రాజన్న.

"నువ్వు జరుగన్నా. నేనొక్కణ్ణే తిప్పుత."

"అరేయ్, మల్లేశ్..."

"ఏం కాదే. సూడు."

కళ్లు మూసుకున్నాను. ఊపిరి పీల్చాను. నడుం తిప్పాను. అల్మారా నిజంగానే తిరిగింది! పావు చుట్టు తిరిగి, గోడకూ రెయిలింగుకూ మధ్య సీసాలో బిరడాలా బిగుసుకుంది. నడుం తిరిగింది గానీ పాదాలు ఉన్నచోటే ఉండిపోవడంతో నా కాళ్లు రెండూ జడ అల్లినట్టు అల్లుకుపోయాయి. వెనక గోడ, ముందు అల్మారా, మధ్యలో పచ్చడి మెతుకులా నేను.

అప్పుడే పైనుంచి ఒక బహ్రెయినీ పెద్దావిడ మంచి అబాయా వేసుకుని, అత్తరు ఘుమఘుమలతో దిగివచ్చింది. "యల్లా, తొందరగా! మనవరాలు బడిలో పాట పాడుతోంది. గంటలో నేనక్కడ ఉండాలి."

"ఐదు నిమిషాలు మామా" అన్నాను. ఇక్కడ పెద్దావిడల్ని అలాగే పిలుస్తాం.

పావుగంట గడిచింది. ఆవిడ మెట్టు మీద కూలబడి, నా తలకు రెండు జానల ఎత్తున సంచీలోంచి ఖర్జూరాలు తీసి తింటోంది. జాలిపడి నా నోట్లోనూ ఒకటి పెట్టింది. తిన్నాను. పాట మొదలవక ముందే ఆమెను దాటించకపోతే ఆ చిన్నపిల్ల ఉసురు నాకు తగులుతుందని అప్పుడు నిజంగా భయం వేసింది.

"అన్నా, మేడంకు ఫోన్ చెయ్యే."

"ఏమని చెప్పాలె?"

"శిష్యుడు మలుపుల ఉన్నడని చెప్పు."

మెయ్ మేడం టాక్సీలో వచ్చారు, మెడలో కొలత టేపుతోనే. అల్మారాను చూడలేదు. కింద సందులోంచి వంగి నా పాదాలు చూశారు.

"కుడి మడమ ఎక్కడ?"

"తెల్వది మేడం."

"నీ మడమ నీకే తెలీదా?"

"కనపడ్తలేదు మేడం!"

"కళ్లతో కాదు. వెతుకు."

వెతికాను. సత్యప్రమాణంగా చెప్తున్నాను, పుట్టాక మొదటిసారి నా మడమను వెతికాను. దొరికింది. మెల్లగా నేలకు ఆనించాను. అల్లుకున్న కాళ్లు విడిపోయాయి.

"తుంటి దించు. భుజం వదులు. తొయ్యకు. అటువైపు నా చెయ్యి ఉంది, విను."

చెక్కకు అటువైపు ఆవిడ అరచేయి, ఇటువైపు నాది. ఏదో సన్నగా కదిలింది. నా మడమ నుంచి ఒక మెలి బయలుదేరి మోకాలు, తుంటి, నడుం, వెన్ను ఎక్కి అరచేతిలోకి వచ్చింది. తెగలేదు, చిక్కుపడలేదు. అల్మారా చిన్నగా మూలిగి, గోడను గీరకుండా నున్నగా తిరిగి, రెయిలింగును దాటి పై మెట్ల మీదికి సర్దుకుంది.

"వచ్చింది! వచ్చిందన్నా!" అని కేకపెట్టాను. కళ్లలో నీళ్లు. రాజన్న చప్పట్లు కొట్టాడు. మేడం తల ఊపారు. ఆవిడ నుంచి అది పద్మశ్రీతో సమానం.

పెద్దావిడ పక్కనున్న సందులోంచి దిగుతూ ఆగి, "ఇంతకీ ఇది ఎవరింటికి?" అంది.

"మీకే మామా! మూడో అంతస్తు."

"నేనేమీ తెప్పించలేదే. కింద కొత్త జంట పొద్దుటి నుంచి అల్మారా కోసం చూస్తున్నారు. గేటు పక్కనే, మూడో నంబరు ఫ్లాటు."

రాజన్న నా జేబులోంచి చీటీ లాగి చదివాడు. 'ఫ్లాటు 3' అని రాసినచోట వేలు పెట్టి నా ముక్కు ముందు పట్టాడు. పెద్దావిడ పాటకు సమయానికే వెళ్లింది. ఆవిడ నవ్వు మాత్రం భవనం బయటి దాకా వినిపిస్తూనే ఉంది.

మెయ్ మేడం టేపు మెడలో సర్దుకున్నారు. "మంచిది. ఎక్కడం కుడి మడమతో అయింది. దిగడం ఎడమ మడమతో నేర్చుకో" అని మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఇప్పటికీ ఆవిడ దగ్గరే నేర్చుకుంటున్నాను. ఆనాడే భూమిని, ఆకాశాన్ని, రాజన్నను సాక్షిగా పెట్టి ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఇక ఏ గుమ్మం ముందైనా సరే, తలుపు మీది నంబరు పైకి మూడుసార్లు చదివి గానీ, తుంటి దించను.