ఎస్తేరమ్మ వేసిన తాళం

సీలెంటు ట్యూబు మూతి కోయగానే పుల్లటి ఘాటు ముక్కుకు కొడుతుంది. నిన్న మధ్యాహ్నం షెడ్డులో బోర్లించిన ఫైబరు పడవ పక్కన కూర్చుని కొత్త ట్యూబు కోశాను. ఆ వాసనతోపాటే ఎస్తేరమ్మ గొంతు కూడా వచ్చేసింది: "సక్కగ పుయ్యి పిల్లా, కేకు మీద క్రీము గాదది." మనిషి పోయినా నాకు తిట్లు తప్పడం లేదు. పడవల అడుగున, నీళ్ళలో మునిగి ఉండే చోట దీపాలు బిగించడం నా పని. చంద్రపూర్ లాంటి బొగ్గు ఊళ్ళో ఇదేం పని అని మీరు అడగవచ్చు. మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. నాకు ఈ పని నేర్పిన మనిషిని మీరెవరూ చూసి ఉండరు కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఎస్తేరమ్మ మా ఊరి పక్కన దుర్గాపూర్ వైపు ఒక బొగ్గుగనిలో, ల్యాంపు రూంలో పనిచేసి రిటైరైంది. ఆమె భర్త ఆ గనిలోనే కొలువు చేస్తూ కామెర్లతో పోయాడు. ఆయన బదులు ఆమెకు ఇచ్చిన ఉద్యోగం అది. షిఫ్టుకు దిగేవాళ్ళకు టోపీ దీపాలు అందించడం, పైకి వచ్చాక వెనక్కి తీసుకుని ఛార్జింగుకు తగిలించడం. అక్కడ రెండు అలవాట్లు ఆమెకు బాగా ముదిరిపోయాయి. ఇచ్చిన దీపాలన్నీ తిరిగొచ్చేదాకా కిటికీ దగ్గర్నుంచి లేచేది కాదు. కొక్కెం ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. రెండోది, కిందికి పోయే దీపానికి తాళం పడాల్సిందే. గనిలో గ్యాసు ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు, అందుకని అక్కడ దీపాన్ని ఎవరూ విప్పకూడదు. పాడైతే పట్టుకుని పైకి రావాలి తప్ప తెలివి చూపించకూడదు.

నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసి, ఆడపిల్ల స్తంభం ఎక్కుతుందా అనే మాట ఊరంతా విని విని విసిగిపోయి ఉన్న రోజుల్లో, ఆమె ఇంటి ముందు రేకుల షెడ్డు వేసి ఎమర్జెన్సీ ల్యాంపులు, ఇన్వర్టర్లు బాగుచేస్తోంది. మా చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి కాబట్టి మా అమ్మ ధైర్యం చేసి నన్ను తీసుకుపోయింది. నేను సర్టిఫికెట్ తీయబోతే, "దాన్ని పెట్టెల దాసుకో. గీ ల్యాంపు ఇప్పు," అంది. విప్పాను. "ఇగ మూయి." మూశాను. ఒక స్క్రూ మిగిలింది. ఆమె దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసి, "గిది ఎవరిది, మీ నాయనదా?" అంది. మా అమ్మ తల వంచుకుంది. నాకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. మర్నాటి నుంచి పనిలోకి రమ్మంది.

కొన్నేళ్ళకు మా ఊరి డ్యాం దగ్గర చేపలు పట్టేవాళ్ళు కలిసి ఒక షికారు పడవ కొన్నారు. వాళ్ళ పెద్ద శంకర్ భావు. రాజురా దగ్గరి తెలుగువాడే, కానీ మాటల్లో సగం మరాఠీ; ఆడవాళ్ళందరినీ తాయి అంటాడు, అక్క అని. ఎక్కడో ఫోనులో వీడియో చూశాడట. సాయంత్రం పూట పడవ కింద నీలం దీపాలు వెలిగితే, నీళ్ళే వెలిగినట్టు ఉంటుందని, పక్క అడవిలో పులుల్ని చూడ్డానికి వచ్చే జనం ఇటు కూడా వస్తారని అతని ఆశ. పడవ వెనక భాగంలో, నీటి మట్టానికి దిగువన రంధ్రాలు చేసి, బయటినుంచి దీపం పెట్టి, లోపల నట్టు బిగించాలి. చుట్టూ రబ్బరు వాషరు, సీలెంటు. చెప్పడానికి ఇంతే. కానీ మునిగే చోట పడవకు మనమే రంధ్రం పెడుతున్నామన్న సంగతి నాకు నిద్రలో కూడా గుర్తుండేది.

బిగించడం అయ్యాక ఎస్తేరమ్మ ఆ నట్ల మీద ఒక రేకు పెట్టె అమర్చి తాళం వేసింది. తాళంచెవి నడుముకు దోపుకుంది. శంకర్ భావు బిత్తరపోయాడు.

"అరే తాయి, చావీ నాకొకటి ఇయ్యరాదు?"

"ఇయ్య. లోపటికి పోయే దీపాన్ని మధ్యల ఇప్పేదేంది? ఏమన్న అయితే ఒడ్డుకు తే, నేను చూస్త."

"పడవ నాది కదా?"

"పడవ నీదే. దీపం నాది."

అతను నావైపు చూశాడు. నేను పానాలు తుడుస్తున్నట్టు నటించాను. ఆమెకు ఎదురు చెప్పేంత తెగువ అప్పటికి నాకు రాలేదు, నిజం చెప్పాలంటే ఆమె తప్పు అనుకోవచ్చన్న ఆలోచన కూడా రాలేదు.

మొదటి షికారుకు బయటివాళ్ళను కాక, తమ ఇళ్ళ వాళ్ళనే ఎక్కించారు. శంకర్ భావు భార్య, కూతురు, చంకలో మనవరాలు, ఇంకా నాలుగైదు కుటుంబాలు. లైఫ్ జాకెట్లు వేసుకుని ఫోటోలు దిగారు. పొద్దు గూకుతుండగా పడవ కదిలింది. కింద నీలం వెలుగు పరుచుకుంది. ఒడ్డున ఉన్నవాళ్ళు కేకలు పెట్టి, చప్పట్లు కొట్టి, టీ కొట్టు వైపు నడిచారు. నేను కూడా సంచి భుజాన వేసుకున్నాను.

"పోదామా అమ్మా?"

"పడవ రానీ," అంది రాయి మీద కూర్చుంటూ.

"బాగానే వెలుగుతున్నాయి కదా."

"నేను దీపాలు చూస్తలేను. పడవ రావాలె."

లోలోపల విసుక్కుంటూ నేనూ కూర్చున్నాను. కొంతసేపటికి ఆమె లేచి నిలబడింది. "సునీతా, ఎనక భాగం కుంగింది సూడు. గంత లోపట ఉండొద్దు వెలుగు." నాకేమీ తేడా తెలియలేదు. ఆమె అప్పటికే చీర కుచ్చిళ్ళు దోపుకుని, చేపల పడవ కట్టేస్తున్న కుర్రవాళ్ళను కేకేస్తోంది. నా చేతిలో పానా పెట్టింది. మేం సగం దూరం పోయేసరికి అరుపులు వినబడ్డాయి. ఇంజను అదురుకు ఒక నట్టు వదులైంది. నీళ్ళు లోపలికి వచ్చి ఇంజను ఆగిపోయింది. ఆ నట్టును వేళ్ళతో తిప్పినా నీళ్ళు ఆగేవి, కానీ అది తాళం లోపల ఉంది. శంకర్ భావు లంగరు కొక్కెంతో ఆ పెట్టెను బాదుతున్నాడు. ఆడవాళ్ళు బకెట్లతో నీళ్ళు ఎత్తి పోస్తున్నారు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

ఎస్తేరమ్మ తాళం తీయబోయింది. తాళంచెవి రెండుసార్లు తిరగేసి పెట్టింది, దూరలేదు. ఆమె పనిలో తడబడటం నేను చూడటం అదే మొదలు. నేను తీసుకుని తెరిచి, నీళ్ళలో చెయ్యి పెట్టి తడుముతూ నట్టు బిగించాను. ధార ఆగింది. పిల్లల్ని, ఆడవాళ్ళను ముందు మా పడవలోకి దింపుకుని, పెద్ద పడవను తాడు కట్టి లాక్కొచ్చాం.

ఒడ్డున శంకర్ భావు భార్య తడిసిన చీరతోనే ఎస్తేరమ్మ మీదికి వచ్చింది. "నా మన్మరాలు నీళ్ళల్ల పోతుండె! చావీ నడుముల పెట్టుకొని కూసుంటవా?" నాకు కోపం వచ్చింది. ఈమె ఒడ్డున కూర్చోకపోతే మీ కోసం ఎవరు వచ్చేవాళ్ళని అడగబోయాను. ఎస్తేరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అను బిడ్డా, అను. తప్పు నాదే," అంది అందరి ముందూ. "గనిల దీపం ఇప్పితే సస్తరు. నీళ్ళ మీద ఇప్పకపోతే సస్తరు. గది నాకు తట్టలే." సాకు చెప్పలేదు, ఏడవలేదు. నాకు మాత్రం ఆమె మీద అంత ప్రేమ అంతకు ముందు ఎప్పుడూ కలగలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి పెట్టె పీకేసింది. పెద్ద నట్లు వేసి, అదురుకు వదులుకాకుండా వాటి మీద రెండో నట్టు బిగించింది. శంకర్ భావును, మిగతా పడవవాళ్ళను కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేత విప్పించి బిగింపజేసింది. అలిగి కూర్చున్న అతని భార్యను కూడా పిలిచి, "నువ్వు సుత ఎక్కుతవు గదా, రా," అని పానా చేతికిచ్చింది. అందరికంటే గట్టిగా బిగించింది ఆమే. ఊడదీసిన తాళాన్ని మా షెడ్డు వెనక మరుగుదొడ్డి తలుపుకు వేశాం.

తర్వాత ఎస్తేరమ్మకు షుగరు ముదిరి కాళ్ళు పనిచేయడం మానేశాయి. సాయంత్రాలు పడవ తిరిగొచ్చేదాకా డ్యాం దగ్గర నేనొక్కదాన్నే కూర్చునేదాన్ని. చీకటి పడే వేళకు ఫోను వచ్చేది. "వచ్చిందా?" అనేది. పేరూ ఊరూ ఏమీ లేదు. "వచ్చిందమ్మా," అంటే పెట్టేసేది. ఆ జవాబు విన్నాకే అన్నం ముట్టేదని ఆమె కోడలు చెప్పింది. ఒకసారి ఫోను అక్కడే మరిచి ఇంటికి వచ్చేస్తే ఆ రాత్రి ఆమె పస్తు పడుకుంది. మర్నాడు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఇప్పుడు ఏ పడవకు దీపం బిగించినా, నడిపేవాడు నా కళ్ళ ముందు దాన్ని విప్పి బిగించాకే అప్పగిస్తాను. కొత్తవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

ఆమెను సమాధి చేసిన సాయంత్రం ఇంట్లో కూర్చోలేక డ్యాం దగ్గరికి వెళ్ళాను. పడవ నీలం వెలుగుతో ఒడ్డుకు వచ్చింది. జనం దిగి వెళ్ళిపోయారు. నేను అలవాటుగా ఫోను చేతిలోకి తీసుకుని, అది మోగదని గుర్తొచ్చి అలాగే నిలబడ్డాను. శంకర్ భావు తాడు కట్టి, గట్టెక్కి, తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు. "అందరం వచ్చినం, తాయి," అన్నాడు. ఆ తర్వాత ఏ సాయంత్రమూ అతను ఆ మాట చెప్పకుండా ఇంటికి పోలేదు, నేను వినకుండా లేవలేదు.