సేఫ్టీ బావ కొన్న టైర్లు

మా బావ ఉద్యోగం చేసినన్నాళ్ళూ లిఫ్టులు తనిఖీ చేశాడు. ఊళ్ళో ఏ మేడ లిఫ్టు ఎక్కినా లోపల గోడకు తగిలించిన పత్రం కింద ఆయన సంతకం కనబడేది. ఇంతమంది ఎక్కవచ్చు, ఇంత బరువు మోస్తుంది, ఫలానా తేదీ దాకా భయం లేదని ఆయన పూచీ. ఆ పూచీ మీద జనం నిశ్చింతగా పైకి వెళ్ళారు, కిందికి దిగారు. ఆయన మాత్రం సాయంత్రం ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చునే ముందు దాని కాళ్ళు కదిపి చూసుకునేవాడు. వీధిలో అందరూ ఆయన్ని ‘సేఫ్టీ’ అంటారు. చాటున కాదు, మొహం మీదే అంటారు. ఆయన దాన్ని బిరుదు అనుకుంటాడు.

మా అక్క పని చేసింది ఆసుపత్రి లాండ్రీలో. నేలమాళిగలో ఉండేది ఆ గది. దానికి కిటికీ లేదు. బయట ఎండ కాస్తోందో వాన పడుతోందో, మాసిన దుప్పట్లు తోసుకొచ్చే ఆయా చెబితే తెలియాల్సిందే. అందుకే కాబోలు, పదవీ విరమణ డబ్బు చేతికి రాగానే అక్క ఎవరినీ అడక్కుండా పాత మోటార్‌హోమ్ ఒకటి కొనుక్కొచ్చింది. అందులో మంచం, పొయ్యి, సింకు, బల్ల అన్నీ ఉన్నాయి. మూడు వైపులా కిటికీలు. “పొద్దున లేచి తెర తీస్తే నిన్న చూడంది ఏదైనా కనబడాలిరా తమ్ముడూ, అంతే నా కోరిక” అంది నాతో. ఇంటి పక్క ఖాళీ స్థలంలో బండి నిలిపి, వీధి చివరి దాకా వినబడేలా హారన్ కొట్టింది.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ బండి కిటికీల్లోంచి కనబడింది మా ఇంటి గోడే. నేను వాళ్ళ పై వాటాలో ఉంటాను కాబట్టి అప్పుడప్పుడు బాల్కనీలో ఆరేసిన నా లుంగీ కూడా కనబడేది.

కారణాలు బావ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. ఒక వేసవి గ్యాసు గొట్టం మార్చాలన్నాడు. ఇంకో వేసవి పైకప్పు అంచుల్లోంచి నీళ్ళు దిగుతాయన్నాడు. బ్యాటరీ అన్నాడు, మంటలార్పే సిలిండరు గడువు అన్నాడు. చెప్పొద్దూ, అందులో ఒక్కటి కూడా అబద్ధం కాదు. అదే నాకు ఒళ్ళు మండే సంగతి. మనిషి అబద్ధమాడితే నిలదీయవచ్చు, ఎప్పుడూ నిజమే చెప్పేవాణ్ణి ఏం చేస్తాం?

బావకు డ్రైవింగు రాదు. ఇంట్లో చిన్న కారు కూడా అక్కే నడుపుతుంది. ఆయన పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకును కాలితో తొక్కుతూ ఉంటాడు. చిక్కంతా ఇక్కడే వచ్చింది. మోటార్‌హోమ్ బరువు బండి. అలాంటివి నడిపే లైసెన్సు అక్కకు వచ్చే పుట్టినరోజుతో సరి, ఆ వయసు దాటాక మళ్ళీ ఇవ్వరు. అంటే ఈ వేసవి పోతే ఇక ఆ బండిని అమ్ముకోవడమే.

అక్క ఆ మాట భోజనాల దగ్గర చెప్పింది. “ఈసారి వెళ్తున్నామండీ. చెరువుల దారి పట్టుకుని పోదాం. ఎక్కడ బావుంటే అక్కడ ఆగుదాం.”

“అలాగే వెళ్దాం” అన్నాడు బావ. నేను ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాను. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటే ఏదో ఉందన్నమాటే.

మర్నాడు పొద్దున్నే ఆయన కాళ్ళు రెండూ బండి కిందనుంచి బయటికి కనబడ్డాయి. లోపల టార్చి వెలుగుతోంది. కాసేపటికి దుమ్ము దులుపుకుంటూ లేచి, “ఇదిగో, టైర్లు మార్చాలి” అన్నాడు, ఆస్తి కలిసొచ్చినవాడిలా.

అక్క వంగి చూసింది. “అరగనే లేదు కదండీ! పైన గాడులు చూడండి, నిన్న కొన్నట్టున్నాయి.”

“అరగకపోవడమే జబ్బు. ఇక్కడ పక్కన నాలుగంకెలు ఉన్నాయి చూడు, అది తయారైన వారమూ సంవత్సరమూ. ఇవి ముసలివైపోయాయి. తిరుగుతూ ఉంటే రబ్బరు బాగుంటుంది. ఇట్లా ఒకేచోట నిలబెడితే ఎండి పగుళ్ళు తీస్తుంది.”

“ఎవరు నిలబెట్టారట?” అంది అక్క.

బావకు చెవుడు లేదు. కానీ ఆ క్షణానికి టార్చిలో ఏదో లోపం కనబడింది ఆయనకు.

పగుళ్ళు మాత్రం నిజమే. నేనూ చూశాను. ఆ టైర్లతో పెద్ద రోడ్డెక్కడం ప్రాణాలతో చెలగాటమే. సరే, నాలుగు టైర్లు కొనడమెంతసేపు అనుకున్నాం. మా బావను ఎరిగి ఉండి కూడా అలా అనుకున్నాం చూడండి, మాకుండాలి బుద్ధి.

మొదటి షాపువాడు టైరు మీది గీతలు చూపించి, వానలో జారదు, చప్పుడు రాదు అంటూ ఊదరగొట్టాడు. బావ అదంతా వినలేదు. గోదాములోకి వెళ్ళి, ఒక్కో టైరు పక్కభాగం మీద టార్చి వేసి పుట్టిన తేదీ చదివాడు. “ఇవి మీ దగ్గర బాగా నిలవున్నాయి” అన్నాడు. షాపువాడి మొహం మాడిపోయింది. రెండో షాపులో మామూలు వ్యాను టైర్లు వేసుకోమన్నారు. పూర్తి సామానుతో రోజుల తరబడి నిలబడే బండికి పక్కగోడలు గట్టిగా ఉన్న టైర్లు కావాలని, అందుకు వేరే రకమే ఉందని బావ వాళ్ళకు పాఠం చెప్పి వచ్చాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజమని తర్వాత తెలిసింది. చెప్పానుగా, ఆయనతో వచ్చిన తంటా అదే.

“అన్నిటికంటే గట్టివి ఏవో అవి కొనేస్తే పోలా బావా?” అన్నాను.

“గాలి ఎంత కొట్టాలోయ్ మరి? ఎక్కువైతే బండి గెంతుతుంది. తక్కువైతే టైరు వేడెక్కి పేలుతుంది. ముందు చక్రాల మీద ఎంత బరువు పడుతుందో, వెనక చక్రాల మీద ఎంతో తెలియాలి.”

“అయితే సామానంతా వేసి లారీలు తూచే కాటా దగ్గరికి తీసుకెళ్దాం.”

“ఈ టైర్లతోనా?” అన్నాడు బావ, నేనేదో హత్యకు పథకం వేసినట్టు.

అదీ సంగతి. టైర్లు కొనాలంటే బరువు తెలియాలి, బరువు తెలియాలంటే బండి కదలాలి, బండి కదలాలంటే టైర్లు కావాలి. ఇంకొకరైతే ఇక్కడ చేతులెత్తేసేవారు. బావ మొహం వెలిగిపోయింది. ఖాళీ బండి బరువెంతో తలుపు మీది రేకులోనే ఉంది కాబట్టి, అందులోకి ఎక్కే ప్రతి వస్తువునూ ఇంట్లోనే తూచి కలిపేద్దామన్నాడు.

ముందు గదిలో మనుషుల బరువు చూసుకునే మిషను పెట్టాడు. దాని మీద దుప్పటి పెడితే అంకె కనబడదు, గిన్నె పెడితే ముల్లు కదలదు. అందుకని నన్ను ఎక్కించాడు. ముందు నా ఒక్కడి బరువు చూశాడు. ఆ తర్వాత చేతికి ఒక్కో వస్తువూ అందిస్తూ, తేడా లెక్కగట్టాడు. దుప్పట్లు, మడత కుర్చీలు, గ్యాసు బండ, బియ్యం డబ్బా, కుక్కరు. పెళ్ళిపందిట్లో గుంజలా నేనక్కడ నిలబడే ఉన్నాను. మధ్యలో టీ తాగితే, “ఇప్పుడు నీ బరువు మారిపోయింది” అని మళ్ళీ మొదటికొచ్చాడు. ఇదంతా కాగితం మీద రాసుకోవడం ఆయనకు నామోషీ. అన్నీ బుర్రలోనే.

“ఈ ఇనప పెనం ఎక్కడ పెడతావ్? ముందు చక్రాల వైపా, వెనకా?” అని అక్కను అడిగాడు.

“ఎక్కడ పడితే అక్కడ పెడతాను.”

“ఎక్కడ పడితే అక్కడ అనేది ఒక చోటు కాదు.”

అక్క నెత్తి కొట్టుకుని పెనం చోటు చెప్పింది. చివరికి తనూ మిషనెక్కింది. బావ వంగి అంకె చదివి, భార్య బరువు నలుగురికీ వినబడేలా చెప్పకూడదన్న మర్యాద మాత్రం పాటించి, లోపలే గొణుక్కున్నాడు. పుట్టినరోజు దగ్గరపడుతోంది. అయినా ఆ సాయంత్రం అక్క మొహంలో చిరాకు లేదు. పెట్టెలు సర్దుకుంటూ కూనిరాగం తీస్తోంది. ఈసారి పని నిజంగా ముందుకు నడుస్తోందని నమ్మింది పిచ్చిది. నేనూ నమ్మాను.

మూడో షాపు ఒకావిడది. చేతులకు నల్లటి మసి, చెవి వెనక సుద్దముక్క. మాటలు తక్కువ. బావ టార్చి తీసుకుని గోదాములోకి పోతుంటే అడ్డుచెప్పలేదు. ఆయన కోరిన రకమే ఉంది, తేదీ కూడా మొన్నమొన్నటిది. వెతగ్గా వెతగ్గా దొరికిన పెళ్ళికొడుకును తడిమినట్టు ఆ టైర్లను తడిమి, కౌంటరు దగ్గరికొచ్చి, ముందు చక్రాల మీద ఇంత, వెనక ఇంత అని గడగడా అప్పజెప్పాడు. నీళ్ళ ట్యాంకు ముప్పాతిక నిండితే ఎంతో, ఖాళీగా ఉంటే ఎంతో కూడా చెప్పాడు. ఆవిడ మెచ్చుకోలుగా చూసింది.

“మనుషులతో కలిపే చెప్పారు కదండీ? బండిలో ఎంతమంది వెళ్తారు?”

“ఒకరు” అన్నాడు బావ.

తడుముకోలేదు, ఆలోచించలేదు. అడగ్గానే నోట్లోంచి వచ్చేసింది. వెనక ఎక్కడో గాలి మిషను గుయ్యిమంటోంది. అక్క ఆయన పక్కనే నిలబడి ఉంది. చేతిలోని కారు తాళాలు మరో చేతిలోకి మార్చుకుంది. బయటికి నడిచింది.

మేం వెళ్ళేసరికి కారులో స్టీరింగు పట్టుకుని కూర్చుని ఉంది. బావ పక్కన కూర్చున్నాడు, నేను వెనక. కారు కదల్లేదు.

“నన్నొక్కదాన్నే పంపించేద్దామనుకున్నారా?” అంది.

“ఛ, అదేం మాట!” బావ నీళ్ళు నమిలాడు. “నేను... లెక్కలో ఎప్పుడూ ఉండనే. అలవాటు లేదు.”

“అలవాటు లేకపోవడమేంటి?”

“లిఫ్టుకి బరువు పరీక్ష పెట్టేటప్పుడు లోపల ఇనప దిమ్మెలు పెడతాం. తనిఖీ చేసేవాడు లోపల ఉండకూడదు. బయట వరండాలో నిలబడి, తాడు ఎలా లాగుతోంది, బ్రేకు ఎక్కడ పడుతోంది, అవన్నీ చూడాలి. అది రూలు. నేను లోపల కూర్చుంటే, బయట నిలబడి చూసేదెవరు?”

నవ్వొచ్చే మాటే. మామూలుగా అయితే నేను ఆ మాట వీధంతా చెప్పుకుని వారం రోజులు నవ్వేవాణ్ణి. కానీ ఆయన వెటకారానికి అనలేదు. నిజంగా జవాబు కోసమే అడిగాడు. మా అక్క వైపు చూడలేక, తొక్కడానికి బ్రేకేమీ లేని తన కాళ్ళ వైపు చూస్తూ అడిగాడు. నాకు ఆయన మీద మొదటిసారి జాలేసింది.

“ఎవరూ చూడరండీ” అంది అక్క. “చూసేవాళ్ళు లేకుండానే లోకమంతా తిరుగుతోంది.”

“నాకు భయమేస్తుంది.”

“నాకూ వేస్తోంది. మీరు రారేమోనని.”

బావ తలుపు తీసుకుని దిగాడు. దిగేముందు తలుపు బిజాగిరీ ఒకసారి చూశాడు. లోపలికి వెళ్ళి ఆవిడతో ఏదో చెప్పాడు. తిరిగొచ్చి, “ఇద్దరని చెప్పాను” అన్నాడు. ఇన్నాళ్ళ తూకాల తర్వాత తన బరువు వల్ల ఏమేం మారిపోతాయోనని ఆయనకు బెంగ. ఆవిడ మాత్రం, టైర్లు అవే సరిపోతాయి, ముందు చక్రాల్లో కాస్త గాలి ఎక్కువ కొడితే చాలు అందట. ఆ మాట చెబుతున్నప్పుడు బావ కొంచెం చిన్నబోయాడు కూడా.

బయల్దేరే రోజు పొద్దున బండి ఇంటి ముందు, షాపావిడ ఇంటికే వచ్చి బిగించిన కొత్త టైర్ల మీద నిలబడింది. అక్క అద్దాలు సరిచేసుకుని ఇంజను వేసింది. బావ కింద ఉన్నాడు. ముందు చక్రాలు చూశాడు, వెనకవి చూశాడు, మళ్ళీ ముందుకొచ్చాడు. గాలి కొలిచే గేజుతో కొలిచిందే కొలిచాడు. ఎదురింటివాళ్ళు గేటు దగ్గర చేరి ముసిముసిగా నవ్వుకుంటున్నారు. అక్క హారన్ కొట్టలేదు. తొందరపెట్టలేదు. పక్క సీటు తలుపు మాత్రం తెరిచి ఉంచింది.

బావ నా దగ్గరికొచ్చాడు. గేజూ టార్చీ నా చేతిలో పెట్టాడు. “నువ్వు ఇక్కడ నిలబడి చూడవోయ్” అని, వెళ్ళి బండెక్కి తలుపు వేసుకున్నాడు. కిటికీలోంచి తల బయట పెట్టి, “అంతా బావుందా?” అని అడిగాడు.

టైర్ల గురించి నాకేం తెలుసు? నల్లగా, గుండ్రంగా ఉన్నాయి. అయినా వంగి నాలుగింటినీ చూశాను.

“బావుంది బావా, వెళ్ళిరండి” అన్నాను.

అక్క బ్రేకు వదిలింది. బండి మెల్లగా వీధిలోకి దిగింది. నేను గేజు పట్టుకుని, మలుపు తిరిగేదాకా చక్రాలకేసే చూస్తూ అక్కడే నిలబడ్డాను.