పాపకి మేనత్త లేదు

నేను రాసిన పిల్లల నవల చదివినవాళ్ళు మా వీధిని మెచ్చుకుంటారు. తల్లి పోయిన చిన్నపిల్లనీ, దిక్కుతోచని తండ్రినీ అయినవాళ్ళంతా కడుపులో పెట్టుకుని చూసుకున్నారట. పోయిన నెల నరసాపురంలో ఆ పుస్తకానికి సభ పెడితే, పాపకి తలుపు తీసిన పెదనాన్న తనేనని మా అన్నయ్య మైకులో చెప్పుకున్నాడు. చప్పట్లు కొట్టారు. నేనూ ఆ వేదిక మీదే, మెడలో దండతో కూర్చుని ఉన్నాను.

మా అన్నయ్య తలుపు తియ్యలేదు. అయినవాళ్ళెవరూ తియ్యలేదు. తీసిన మనిషి ఆ పుస్తకంలోనే లేదు. ఇప్పటికైనా ఆవిడని ఆవిడ చోట కూర్చోబెట్టాలి. అందుకే ఇది రాస్తున్నాను.

నా భార్య పోయిన నక్షత్రం మంచిది కాదని పురోహితుడు గారు పంచాంగం చూసి చెప్పారు. మా వైపు అలాంటప్పుడు ఇల్లు ఆరు నెలలు మూసేసి, ఇంకెక్కడైనా ఉండాలి. నేను బళ్ళో సైన్సు చెప్పేవాణ్ణి. గ్రహణం వేళ అన్నం తింటే ఏమీ కాదని పిల్లల ముందు తిని చూపించినవాణ్ణి. మా అమ్మ ఏడుస్తూ, ఆ పసిదానికేమైనా అయితే ఏం చేస్తావనేసరికి ఆ సైన్సంతా ఎటు పోయిందో తెలీదు. తాళం నా చేత్తోనే వేశాను.

వేశాక తెలిసింది, ఇల్లు వదలమనే శాస్త్రం ఉంది గానీ వదిలినవాళ్ళని ఇంట్లో పెట్టుకోమనే శాస్త్రం లేదని. పక్క వీధిలో రెండంతస్తుల ఇల్లున్న అన్నయ్య, అమ్మాయికి సంబంధాలు చూస్తున్నామనీ, ఇప్పుడు మేమొస్తే బాగుండదనీ వదిన చేత చెప్పించాడు. అద్దె ఇళ్ళవాళ్ళు ఇంకా మర్యాదస్తులు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "ఆర్నెల్లు పోయాక రండి మాస్టారూ, మీకు కాకపోతే ఎవరికిస్తాం" అన్నారు. ఆర్నెల్లు పోయాక వాళ్ళ ఇల్లు నాకెందుకు?

మా పెరటి గోడ అవతల లేసు అల్లుకుని బతికే ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. చర్చికి వెళ్ళే మనిషి. ఆవిడ కోళ్ళు మా మొక్కలు కెలుకుతున్నాయని నేను మున్సిపాలిటీకి ఫిర్యాదు కూడా చేశాను. మేం పెరట్లో సామాన్ల దగ్గర కూర్చుని ఉంటే ఆవిడ గోడ దగ్గరికి వచ్చి, తన ముందు గది ఖాళీగా ఉందని చెప్పింది. నేను నక్షత్రం సంగతి ఎత్తబోయాను.

"మా ఇంట్లో పంచాంగం లేదండి మాస్టారూ. గ్యాసువాళ్ళిచ్చిన కేలండరొకటుంది, అంతే" అంది.

పసుపునీళ్ళతో కడిగిస్తే గానీ అమ్మ ఆ గదిలో అడుగు పెట్టలేదు. మా స్టవ్వు వేరు, మా బిందె వేరు. మా వంట మైలపడుతుందని ఆవిడ తన ఇంట్లోకి తను పెరటి గుమ్మంలోంచి వచ్చేది. ఇది చెప్పుకోవడానికి ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతోంది. అప్పుడు మాత్రం మామూలుగానే అనిపించింది.

తల్లి పోయినప్పటి నుంచి పాప సరిగ్గా తినేది కాదు. ముద్ద నోట్లో పెట్టుకుని, నమలకుండా అలాగే కూర్చునేది. ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి, ఆవిడుండే వెనక గదిలో పీట మీద కూర్చుని పప్పన్నం తింటోంది. తింటూ వాళ్ళమ్మ ముచ్చట్లు చెబుతోంది. పక్కన ఆవిడ లేసు అల్లుతూ ఊ కొడుతోంది. అన్నాళ్ళకి నా కూతురు ఆకలితో తింటుంటే నేనేం చేశాను? రెక్క పట్టుకుని లేవదీసి, కుళాయి దగ్గర నోరు కడిగించాను. మర్నాడు పాప మళ్ళీ వెళ్ళింది. నేను చూడనట్టు ఊరుకున్నాను. ఆ ఆర్నెల్లలో నేను చేసిన మంచి పని అదొక్కటే.

నవలలో తలుపు పెదనాన్న తీశాడు, అన్నం పెట్టిన ఆవిడ పాపకి మేనత్త అయింది. నాకు అక్కచెల్లెళ్ళే లేరు. మొదట ఉన్నదున్నట్టే రాశాను. పిల్లల పుస్తకంలో ఈ మడీ మైలా ఎందుకండీ, హాయిగా ఉండాలి గానీ అని ప్రచురణకర్త ఫోన్ చేశాడు. మార్చేశాను. మారిస్తే నాకూ హాయిగానే ఉంది. నోరు కడిగించిన తండ్రి కూడా దాంతోపాటే పోయాడు కదా!

మా అమ్మాయి ఇప్పుడు రాజమండ్రిలో చదువుకుంటోంది. సభ వీడియో చూసి ఫోన్ చేసింది.

"ఆవిడ ఇంటికి నాలుగడుగుల దూరంలో సభ పెట్టుకున్నారు కదా నాన్నా. పిలిచావా?"

పిలవలేదన్నాను.

"ఆవిణ్ణి అందులో పెట్టేదాకా అది నా కథని ఎవరితోనూ అనకు" అని పెట్టేసింది.

రెండో ముద్రణలో మార్చమని ప్రచురణకర్తని అడిగాను. మేనత్తంటే పిల్లలకి ప్రాణం అన్నాడు. అయితే అసలు వెయ్యొద్దన్నాను. అది తెలిసి, ఎప్పటివో తవ్వి కుటుంబం పరువు తీస్తావా అని అన్నయ్య మండిపడ్డాడు. పరువట! ఆర్నెల్లు మమ్మల్ని పరాయి పంచన చూస్తూ రోజూ ఆ గుమ్మం ముందు నుంచే స్కూటరు మీద వెళ్ళినప్పుడు ఎక్కడుందో ఆ పరువు.

పుస్తకం ఆపించానని చెప్పడానికి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. చూపు తగ్గి లేసు మానేసింది. మా అమ్మాయి అప్పటికే అంతా చెప్పేసినట్టుంది.

"నన్ను పాపకి మేనత్తని చేశారంట కదండీ" అంది నవ్వుతూ. "మేనత్తనైతే అమ్మగారు నా చేతి అన్నం తినుండేవారేమో."

ఆ పుస్తకం ఇక రాదని చెప్పాను.

"ఆపేస్తే నేనందులోకి వచ్చేస్తానా ఏంటండీ? రాయండి. పాప మా ఇంట్లో తిందని రాయండి. మీరొచ్చి లేవదీశారని కూడా రాయండి. అది తీసేస్తే, మర్నాడు పిల్ల మళ్ళీ వచ్చిందన్న మాటకి విలువేముంటుందండీ?"

మొదటి నుంచి మళ్ళీ రాస్తున్నాను. ఎవరు అచ్చు వేస్తారో తెలీదు. కుళాయి దగ్గరి పేజీ నిన్న పూర్తయింది. రాస్తున్నంతసేపూ ఆ తండ్రిని పట్టుకుని లాగి ఒకటి కొట్టాలనిపించింది.