కారే బస్సుల పట్టిన నీళ్లు

ఇటు కూసోని మంచిగ ఇని రాయి. మీ తాత కూలి పెంచమన్నడని పటేలు మమ్మల్ని ఆయన బాయిల నీళ్లు చేదుకోనియ్యలె. ఆ దినాలల్లనే మరిపెడ బస్సుల పోతాంటె పెద్ద వాన కొట్టి, టాపు కారింది. అందరు అవతలికి జరిగిన్రు. నా పక్కన ఓ ముసలామె మాత్రం జరగలె, సద్ది గిన్నె తీసి ధార కింద పట్టింది.

"అవ్వా, ఆ నీళ్లకు గూడ టికెట్ కొట్టాల్నా?" అని కండక్టర్ నవ్విండు.

"కొట్టు బిడ్డా. మొగులు మీదికెళ్లి పడేటియి గూడ ఒకల్ని అడిగి పట్టుకోవాల్నా?" అని, గిన్నె నా చేతికిచ్చింది. తుప్పు వాసనొచ్చింది గని తాగిన.

ఇంటికొచ్చినంక పెంకుల చూరుకు రేకు కట్టి, వాన నీళ్లు వచ్చి నిండేటట్టు వాకిట్ల హౌజు కట్టినం. ఎండకాలం పటేలు కబురు పంపిండు, వచ్చి చేదుకోమని. "మాకున్నయి. ఆయనకే తక్కువైతె రమ్మను" అన్న. ఇగ ఒకనాడు పటేలు పెండ్లాం బిందె పట్టుకొని మన వాకిట్లకు... ఆఁ, అన్నానికి వస్తాన్న, కోడలా, ఆ గిలాసల నీళ్లు పారబొయ్యకు.