పనిచేస్తున్న యాప్‌ను బాగుచేసిన రోజు

ముందే చెబుతున్నాను, ఇందులో ఒక యాప్ చస్తుంది, మా నాయన పరువు ఉరికంబం దాకా వెళ్తుంది. హంతకురాలిని నేనే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. చదువు అయిపోయి ఏడాది కాలేదు గానీ పొగరు మాత్రం ముప్పై ఏళ్ల అనుభవానికి సరిపడా ఉండేది.

దమ్మపేట దగ్గర మా ఊరి పామాయిల్ రైతుల సంఘానికి యాప్ చేశాను. ఏ తోటలో గెలల కోత ఏ రోజు, ట్రాక్టర్ ముందు ఎవరికి అన్నది అందులో కనబడుతుంది. "మా బిడ్డ చేస్తది, పూచీ నాది" అని నాయన సంఘమంతటి ముందు చెప్పి వచ్చాడు. ఆ రోజు పదకొండింటికి సంఘం ప్రెసిడెంట్ నర్సమ్మత్త చూడటానికి వస్తుంది. ఆమె గొంతెత్తితే నడిచే ట్రాక్టర్లు ఆగిపోతాయి. తొమ్మిదింటికి యాప్ చక్కగా పనిచేస్తోంది. నేను అక్కడితో ఆగి ఉప్మా తినాల్సింది.

యాప్ అంతా మనమే రాయం. పెళ్లికి ఊళ్లో గంగాళాలు అడిగి తెచ్చుకున్నట్టు, ఎవరో రాసిపెట్టిన లైబ్రరీలు తెచ్చి వాడుకుంటాం. వాటిలో ఒకదానికి కొత్త వెర్షన్ వచ్చిందని తెర మీద కనబడింది. యాప్‌లో రాసి ఉన్న ఆ వెర్షన్ అంకె మార్చాను. బిల్డ్ ఫెయిల్, అంటే యాప్ తయారవడమే మానేసింది! తెరంతా ఎరుపు. ఈ లైబ్రరీ ఇంకోదాని కొత్త వెర్షన్ కావాలంది, అది తెస్తే మూడోది అలిగింది. "దింపుకున్న లైబ్రరీలన్నీ చెరిపేసి మళ్లీ దింపుకో" అని ఇంటర్నెట్‌లో ఒక పుణ్యాత్ముడు రాశాడు. చెరిపేశాను. మా ఊరి సిగ్నల్ సంగతి ఆయనకు తెలియదు సరే, నాకేమైంది? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, నాకు పళ్లు కూడా రాలాయి.

ల్యాప్‌టాప్‌కు ఫోను నెట్ కలిపి, సిగ్నల్ కోసం డాబా ఎక్కి నీళ్ల ట్యాంకు మీద ఫోను పెట్టాను. లైబ్రరీలు నాలుగు శాతం దిగి ఆగిపోయాయి. నవ్వకండి, నా భయం నిజమైనది. నాయన ఇక సంఘంలో తలెత్తుకోలేడు.

అమ్మ పైకొచ్చి చూసింది. "ఏందే, గిట్ల చెమటలు పట్టినయ్? జ్వరమా?"

"అవ్."

"మరి ట్యాంకు కాడ ఏం పని?"

"జ్వరానికి సిగ్నల్ కావాలె."

కింది నుంచి నాయన కేక వేశాడు. "అత్త వచ్చింది, జల్దీ రా!"

దిగాను. నర్సమ్మత్త కుర్చీ నిండా కూర్చుంది. "ఏది బిడ్డా, చూపియ్."

"అత్తా, లైబ్రరీ... వెర్షన్... తెరుచుకుంటలేదు."

నాయన తల దించుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"నిన్న నడిచిందా?" అంది అత్త.

"నడిచింది."

"పొద్దుగాల?"

"తొమ్మిదింటిదాక నడిచింది."

"తొమ్మిదింటికి ఏం జేసినవ్?"

"అంకె... మార్చిన."

"మరి పాత అంకె ఎయ్యరాదు?"

ఆ ముక్క నాకు తట్టనే లేదు. మార్చినవన్నీ వెనక్కి పెట్టాను. ఈసారి సిగ్నల్ కనికరించి, అత్త రెండు టీలు తాగేసరికి పాత లైబ్రరీలన్నీ దిగాయి, యాప్ తెరుచుకుంది. రేపటి కోత నర్సమ్మత్త తోటదే అని చూపించింది. నాయన అప్పుడు ఊపిరి వదిలాడు.

అత్త లేస్తూ అడిగింది. "ఇంతకీ ఆ కొత్తది పెడితే ఏం లాభం ఉండె బిడ్డా?"

నేను నాయన వైపు చూశాను. నాయన గోడ వైపు చూశాడు.

"తెల్వదత్తా."

అందుకని పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎందుకు మారుస్తున్నానో నర్సమ్మత్తకు చెప్పలేని ఏ అంకె మీదా ఈ జన్మలో వేలు పెట్టను.