నిశ్శబ్దపు గదిలో బొంగరం

బొంగరం కూర్చున్న కుర్చీకి కూడా పట్టుమని పదిరోజులు తిరక్కుండానే నడక వచ్చేస్తుందని వాళ్ళ అత్తగారు అనేది. ఆ పేరు పెట్టిందీ ఆవిడే. కొరియర్ ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆ కాళ్ళకు పని ఉండేది. పగలంతా పార్సిళ్ళతో ఊరు చుట్టి, సాయంత్రం ఇంట్లో గుమ్మానికీ వంటింటికీ మధ్య తిరిగేవాడు.

లోకం మారుతున్న సంగతి అతనికి ఆ పార్సిళ్ళలోనే కనిపించింది. మొదట్లో అన్నీ మందుల పెట్టెలే. పోనుపోను యోగా చాపలు, సువాసన తైలాలు, మర్దన బల్లలు. వీధికో ప్రకృతి చికిత్స కేంద్రం వెలిసింది, ప్రతి తలుపు మీదా 'మనుషులు కావాలి' అన్న కాగితం. కొరియర్ కంపెనీ మూతపడగానే అతనూ అటే దూకాడు. సూదివైద్యం సగంలో వదిలేశాడు. తైలాల చదువు సీసా మూత తీసి, వాసన చూసి వదిలేశాడు. మర్దన, శ్వాస సాధన మాత్రం ఎలాగో గట్టెక్కాడు.

అలాంటి ఒక కేంద్రంలో ఉద్యోగానికి పరీక్ష ఉన్న రోజు ఉదయం, ఆసుపత్రిలో నర్సుగా చేసే భార్య డ్యూటీకి బయల్దేరుతూ తేల్చి చెప్పింది.

"ఇది కూడా పోతే మా అన్నయ్య టైర్ల కొట్లో కూర్చో. ఇంక నా వల్ల కాదు."

"కూర్చోవాలా?" అన్నాడు, ఉరిశిక్ష విన్నవాడిలా.

"అవును. గల్లాపెట్టె దగ్గర. కదలకుండా."

కేంద్రంలో పరీక్ష చిన్నదే. కొందరిని చాపల మీద పడుకోబెట్టి, కళ్ళు మూయించి, మనసు ఊపిరి మీదకు మళ్ళించాలి. కాసేపు నిశ్శబ్దంగా కనిపెట్టుకుని ఉండి, మెల్లగా లేపాలి. బాగుందని వాళ్ళు చెబితే ఉద్యోగం.

మాటల భాగం బాగానే నడిచింది. నిశ్శబ్దం దగ్గరే వచ్చింది చిక్కు. బొంగరం గడియారం చూశాడు. కిటికీ దాకా వెళ్ళాడు, తిరిగొచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. అరికాళ్ళ కింద చీమలపుట్ట పగిలినట్టుంది. ఒక్క గుక్క గాలి పీల్చుకొద్దామని పిల్లిలా బాల్కనీలోకి జారాడు. వెనకాల తలుపు దానంతట అదే గడియ పడింది.

గట్టిగా తడితే ఉద్యోగం పోతుంది. తట్టకపోతే లోపలివాళ్ళను లేపే దిక్కులేదు. ఆ పూట అతని కాళ్ళ కింద బాల్కనీ పలకలు అరిగినంత, కట్టినప్పటి నుంచీ అరగలేదు.

చివరికి తలుపు తెరుచుకుంది. చాపల మీది వాళ్ళలో ఒకావిడ, రిటైరైన పెద్ద టీచరమ్మ, నిలబడి ఉంది.

"రావయ్యా. నువ్వెళ్ళావని మాకెప్పుడో తెలుసు. నీ అడుగుల చప్పుడు ఆగాకే కాస్త ప్రాణం సుఖపడింది."

ఆవిడ వెనక, ముసలి దర్జీ ఒకాయన గోడకు చేరగిలబడి ఉన్నాడు. ముఖం నిండా చెమటలు.

"నువ్వు ఎంతకీ లేపవాయె," అన్నాడాయన నీరసంగా. "కొట్టు తెరవాలని గభాలున లేచాను. కళ్ళు తిరిగాయి. టీచరమ్మ పట్టుకోబట్టి సరిపోయింది."

అంతలో కేంద్రం యజమానురాలు వచ్చింది. "ఎలా జరిగింది?"

"దివ్యంగా! ఇంత ప్రశాంతత నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు," అంది టీచరమ్మ, బొంగరం వైపు కన్ను గీటి. మిగతావాళ్ళూ తలూపారు.

"అయితే సోమవారం నుంచి వచ్చేయండి."

బొంగరం కళ్ళముందు టైర్ల కొట్టు స్టూలు మెదిలింది. గోడ దగ్గర దర్జీ ఇంకా చెమటలు తుడుచుకుంటున్నాడు.

"మేడమ్, వాళ్ళు పడుకున్నప్పుడు నేను గదిలో లేనండి. బయట ఇరుక్కుపోయాను. ఈయన పడబోతే ఆవిడ పట్టుకున్నారు."

"నీ నోట్లో నువ్వుగింజ నానదేమయ్యా!" అని టీచరమ్మ తల పట్టుకుంది.

యజమానురాలు అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "ఈ గది మీకివ్వను."

"తెలుసండి."

"మంచం దిగలేనివాళ్ళకు, మోకాళ్ళు పట్టేసినవాళ్ళకు ఇళ్ళకెళ్ళి మర్దన చెయ్యాలి. తిరుగుడెక్కువని ఎవరూ రావట్లేదు. మీరు తిరగ్గలరని కనబడుతూనే ఉంది. ఒక మనిషి దగ్గర నిలవగలరా?"

"నిలుస్తానండి, నేను..."

"నోటితో కాదు. ఈయన తేరుకున్నాక ఇంట్లో దింపి రండి. ఆయన నడకతో సమానంగా నడిచి. అప్పుడు మాట్లాడదాం."

మెట్ల దగ్గర దర్జీ ఒక అడుగు వేశాడు, ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు. కుట్టుమిషన్ పెడల్ కథ ఒకటి మొదలుపెట్టాడు. బొంగరం కాలు అప్పటికే కింది మెట్టు మీదుంది. దాన్ని వెనక్కి లాక్కుని, దర్జీ చెప్పు పక్కన ఆనించి, ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏం బాబూ, తొందరగా ఉందా?"

"లేదండి," అన్నాడు. ఇప్పుడు చెమటలు అతనికి పడుతున్నాయి. "చెప్పండి, పెడల్ ఏమైంది?"