గాడిద ముందు గోంగూర

మస్కట్‌లో, బౌషర్‌లో మేముండే ఫ్లాట్ బాల్కనీలో నాలుగు కుండీలున్నాయి. నాలుగింట్లోనూ గోంగూరే వేశాను. కొత్తిమీర ఆకంత ఆకులొచ్చాయి. కుండీలో గోంగూర ఎదగలేదు గానీ గుండెలో అసూయ మాత్రం ఎరువు లేకుండానే ఏపుగా పెరిగింది.

కారణం పక్క ఫ్లాట్ వదినగారు. ఆవిడది గోదావరి వైపు. మస్కట్ అవతల బర్కాలో ఖర్జూరం తోటలో పనిచేసే వాళ్ళ ఊరి మనిషి నెలకోసారి ఆవిడకి చీపురుకట్టలంత గోంగూర కట్టలు పంపిస్తాడు. ఆవిడ పచ్చడి నూరి మమ్మల్ని భోజనానికి పిలుస్తుంది. మా ఆయన కంచం ముందుకు జరిపి, "ఇంకొంచెం వెయ్యండి అక్కయ్యగారూ" అంటాడు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నా గోంగూర పచ్చడికి ఆ "ఇంకొంచెం" ఒక్కసారీ రాలేదు. "బాగుంది" అనే మాట వచ్చింది. అది ఆయన వాతావరణం గురించి కూడా అంటాడు.

"అన్నయ్యగారికి మా పచ్చడంటే ప్రాణమండీ బాబూ!" అంటుంది ఆవిడ నాతో. "ఆకు లేతదండి వదినగారూ, అంతే. నా చేతిలో ఏముందండీ!"

ఆ వినయం నాకు పచ్చిమిరపకాయకన్నా ఎక్కువ మండేది.

పోయిన నవంబరులో, మా ఆయనతో పనిచేసే ఈజిప్టు స్నేహితుడు సెలవుకి వెళ్తూ, మమ్మల్నీ వాళ్ళ ఊరు రమ్మన్నాడు. నైలు ఒడ్డున సంత జరిగే ఊరు. మేం వెళ్ళింది సంత రోజే. టమాటాలతో, చెరుకుతో గాడిద బళ్ళు దారంతా ఆక్రమించి ఉన్నాయి. వెల్లుల్లి జడలు అల్లి మరీ అమ్ముతున్నారు. పక్కనే పొలం, నల్లటి మట్టి. చిటికెడు తీసి నలిపాను. బౌషర్‌లో నేను సంచుల్లో కొనుక్కునే మట్టి గుర్తొచ్చింది. మనుషుల మీద అసూయ నాకు పాతదే. మట్టి మీద అసూయ మాత్రం అక్కడే మొదలైంది.

సంతలో గోనెల నిండా ఎండిన ఎర్రటి పువ్వులు. కర్కడే అంటారట. దాంతో చేసిన ఎర్రటి షర్బత్ మస్కట్ హోటళ్ళలో నేను ఎన్నిసార్లు తాగానో. అది ఏ మొక్కదో అడగాలని ఒక్కసారీ తోచలేదు.

ఆ స్నేహితుడి ఇంటికి వెళ్ళేసరికి పెరట్లో వాళ్ళమ్మ, మరో ఇద్దరు ఆడవాళ్ళు కోసిన మొక్కల కుప్ప చుట్టూ కూర్చుని, ఆ ఎర్రటి పువ్వులు వలుస్తున్నారు. వలిచిన మొక్కని ఆకులతో సహా వెనక్కి విసిరేస్తున్నారు. వెనక గాడిద నిలబడి తీరిగ్గా నములుతోంది.

ఎర్రటి కాడ. చేతివేళ్ళలా చీలిన ఆకు. ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాను. పళ్ళు పులిశాయి.

"ఏమండీ, గోంగూర!"

మా ఆయన చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. నేనప్పటికే గాడిద దగ్గరికి వెళ్ళి కొమ్మ అందుకున్నాను. అది వదల్లేదు. నేనూ వదల్లేదు. గాడిదకి రోజూ కట్టలకొద్దీ గోంగూర, నాకు నాలుగు కుండీల్లో చిటికెడు! జీవితంలో నేను చాలామందిని చూసి కుళ్ళుకున్నాను గానీ, అంత నిజాయితీగా ఎవరినీ చూసి కుళ్ళుకోలేదు.

పెద్దావిడ లేచి వచ్చి అరబ్బీలో గట్టిగా ఏదో అంది. కొడుకు నవ్వాపుకుంటూ చెప్పాడు.

"మా ఇంట్లో అన్నం లేదనుకున్నావా బిడ్డా, గాడిద నోటి ముందుది లాక్కుంటున్నావు అంటోంది అమ్మ."

ఒక్కసారి పొయ్యి ఇమ్మని అడిగాను. ఎండుమిర్చి, వెల్లుల్లి సంతలో కొన్నవే ఉన్నాయి. ఆవిడ ఇత్తడి రోలు ఇచ్చింది గానీ పక్కనే కాపలా నిలబడింది, ఎవరికైనా ఏమైనా అయితే తనది పూచీ కాదన్నట్టు. సేమియా వేసి వండిన వాళ్ళ అన్నంలోనే పచ్చడి కలిపి పెట్టాను.

మా ఆయన మొదటి ముద్ద తిన్నాడు. రెండోది తిన్నాడు.

"ఇంకొంచెం వెయ్యి."

పద్దెనిమిదేళ్ళు! గరిటె నిండా తీసి వేశాను. "మరి మీ అక్కయ్యగారి పచ్చడో?" అని అడిగేశాను కూడా.

"దీని ముందు అదెక్కడ! ఆకు మహిమే వేరు."

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆకు మహిమట!

ఇంతలో పెద్దావిడ వేలితో కొంచెం పచ్చడి తీసి నాకింది. గబగబా పెరట్లోకి నడిచి, మిగిలిన కొమ్మలన్నీ గాడిద ముందునుంచి లాగేసింది. పాపం, అది నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను.

పొట్లం నిండా విత్తనాలు తెచ్చుకున్నాను. పక్క ఫ్లాట్‌కి ఒక్క గింజ వెళ్ళకూడదనుకున్నాను. బౌషర్ కుండీల్లో మొలకలొచ్చి, జానెడు పెరిగి, మళ్ళీ కొత్తిమీరంత ఆకులే వేశాయి.

పోయిన వారం ఆ ఈజిప్టు స్నేహితుడు మా ఇంటికొచ్చి, ఫోన్‌లో వాళ్ళమ్మ మాటలు వినిపించాడు. ప్రతి శుక్రవారం పచ్చడి చేస్తోందట. నువ్వుల ముద్ద కలుపుతోందట. ఇండియా అమ్మాయి చేసినదానికన్నా తనదే బాగుందని ఊరంతా అంటున్నారట.

మా ఆయన గుటక మింగాడు. "నువ్వులా? ఒకసారి తిని చూడాలి."

అతను వెళ్ళగానే మిగిలిన విత్తనాల పొట్లం తీసుకుని పక్క ఫ్లాట్ బెల్ కొట్టాను.

"ఏంటండీ వదినగారూ, ఈ వేళప్పుడు?"

"ఇవి మీ బర్కా మనిషికి పంపండి. నేల బాగున్నచోట వెయ్యమనండి," అన్నాను. "ఇంట్లో నువ్వులున్నాయా?"